ప్రశ్న మీది: బేబ్ రూత్ అసలు బౌలరా?

ప్రశ్న: సార్, మా అబ్బాయి సెల్‌లో ఏదో వీడియో చూసి, 'అమెరికా బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ 714 హోమ్ రన్లు కొట్టాడు, అంటే మన లెక్కలో 714 సిక్సర్లు' అని నాతో పందెం కాశాడు. పందెం ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలు. ఎవరు గెలిచినట్టు?
– ఓ తండ్రి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఇద్దరూ చెరి సగం తినండి. హోమ్ రన్ అంటే మామూలుగా బంతిని మైదానం కంచె దాటించి కొట్టడం. 714 నిజమే, సిక్సరుతో సమానం అన్నదే ఒప్పుకోను. క్రికెట్‌లో నచ్చని బంతిని వదిలేసి పూటంతా నిలబడినా అడిగేవాళ్ళు లేరు. బేస్‌బాల్‌లో ఆడదగ్గ బంతిని వదిలేసినా, ఊపి తప్పినా ఒక స్ట్రయిక్, మూడయితే ఇక వెళ్ళి కూర్చోవడమే. పైగా బ్యాటు రోకలిలా గుండ్రంగా ఉంటుంది. ఆ మధ్య ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్ వైపు వాకింగ్‌కి పోతే స్కూలు పిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడుతున్నారు, ఒక పాప బ్యాటు చేతికిచ్చి 'కొట్టండి అంకుల్' అంది. పది బంతులేసింది. ఏడు తగల్లేదు, రెండు నా నెత్తి మీదుగా వెనక్కి పోయాయి, ఒక్కటి మాత్రం దొర్లుకుంటూ ఆ పాప కాళ్ళ దగ్గరికే పోయి ఆగింది. రెండు రోజులు మణికట్టు పట్టేస్తే మా అమ్మ పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమని ఒకటే పోరు. అదీ సాఫ్ట్‌బాల్, బంతి ఇంకా పెద్దది.

మీ అబ్బాయికి 714 కంటే 54 గురించి చెప్పండి. 1918లో 11 హోమ్ రన్లు కొడితే చాలు, అక్కడి రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అగ్రస్థానం, ఆ 11 కొట్టినవాళ్ళలో రూత్ ఒకడు. మరుసటి ఏడాది 29 కొట్టి, 1884 నుంచి నిలిచి ఉన్న 27 రికార్డును దాటేశాడు. 1920లో న్యూయార్క్ యాంకీస్‌కు మారగానే 54. ఆ ఏడాది ఆ లీగ్‌లో మరే జట్టూ, అంటే జట్టు మొత్తం కలిసి కూడా, అన్ని కొట్టలేదు. 1927లో 60 కొట్టినప్పుడూ ఇదే కథ. 60ని 1961లో రోజర్ మారిస్ దాటాడు, 714ని 1974లో హాంక్ ఆరన్ దాటాడు, కానీ ఒక్క మనిషి ఒక జట్టును మించి కొట్టడం అనేది ఇప్పుడు తల్చుకోవడానికే వింతగా ఉంటుంది.

'అదంతా బంతి మహిమ' అనేవాళ్ళున్నారు. కొంత నిజమే. అంతకుముందు ఒకే బంతిని ఉమ్మి, పొగాకు రసం, మట్టి అంటించి నల్లగా అయ్యేదాకా వాడేవాళ్ళు. 1920లో ఉమ్మి బంతిని కొద్దిమంది పాతవాళ్ళకు తప్ప నిషేధించారు, ఆ ఆగస్టులోనే తలకు బంతి తగిలి రే చాప్‌మన్ అనే ఆటగాడు చనిపోవడంతో మాసిన బంతుల్ని వెంటవెంటనే మార్చడం మొదలైంది. అయితే 29 కొట్టింది వీటన్నిటికీ ముందే కదా! అసలు మార్పు ఆయన పట్టులో ఉంది. మిగతావాళ్ళు బ్యాటును కాస్త పైకి పట్టుకుని బంతిని సందుల్లోకి తోసేవాళ్ళు, ఈయన చిట్టచివర పట్టుకుని ఒళ్ళంతా తిప్పి ఊపేవాడు. తప్పితే తప్పింది. మొత్తం కెరీర్‌లో 1,330 సార్లు స్ట్రయిక్ అవుట్ అయ్యాడు, ఆ లెక్క వీడియోల్లో ఎవడూ చూపించడు.

ప్రశ్న: అన్నా, నేను లెఫ్టార్మ్ స్పిన్నర్ని. మా కెప్టెన్ నన్ను పదకొండో నంబరులో దింపుతాడు. బేబ్ రూత్ కూడా మొదట బౌలరేనంట కదా?
– ఓ డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: బౌలరంటే మామూలు బౌలర్ కాదు తమ్ముడూ. వాళ్ళ భాషలో పిచర్, నీలాగే ఎడమచేతి వాటం. 1914లో బోస్టన్ రెడ్ సాక్స్‌కు వచ్చి, 1916లో 23 మ్యాచ్‌లు గెలిపించాడు, 1917లో 24. 1916, 1918 వరల్డ్ సిరీస్‌లలో (ఏటా రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఫైనల్) కలిపి వరుసగా 29 ఇన్నింగ్స్‌కు పైగా (అక్కడ ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్ అయిపోయినట్టే) ఒక్క పరుగు ఇవ్వలేదు, ఆ రికార్డు 1961 దాకా చెక్కుచెదరలేదు. చిక్కల్లా ఏమిటంటే, పిచర్ ఒక మ్యాచ్ ఆడితే చెయ్యి కుదుటపడటానికి కొన్ని రోజులు ఖాళీగా కూర్చోవాలి. ఇంత కొట్టేవాణ్ణి కూర్చోబెట్టడం దండగని 1918 నుంచి మిగతా రోజుల్లో ఫీల్డర్‌గా దింపి బ్యాటింగ్ ఇచ్చారు. మీ కెప్టెన్‌కు ఈ ముక్క చదివి వినిపించు, కాకపోతే అంతకుముందు నెట్స్‌లో నాలుగు గట్టిగా తగిలించు.

ఇలాంటివాణ్ణి 1919 చివర్లో బోస్టన్ యజమాని లక్ష డాలర్లకు న్యూయార్క్‌కు అమ్మేశాడు. 1918లో గెలిచిన బోస్టన్ మళ్ళీ వరల్డ్ సిరీస్ గెలిచింది 2004లో. శాపం అంటారు. నేను నమ్మను. ఆ యజమాని రూత్ ఒక్కణ్ణే కాదు, మంచి మంచి పిచర్లనూ అదే న్యూయార్క్‌కు పంపించాడు. విత్తనాల వేరుశెనగ అమ్ముకుని వాన దేవుణ్ణి తిట్టినట్టుంది.

ప్రశ్న: ఆయన అనాథట, నిజమేనా?
– ఓ గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: కాదమ్మా. బాల్టిమోర్‌లో సారా అంగడి నడిపే ఇంట్లో 1895లో పుట్టాడు. అల్లరి భరించలేక ఏడేళ్ళకే సెయింట్ మేరీస్ అనే క్రైస్తవ బ్రదర్ల హాస్టల్ బడిలో వేశారు. చొక్కాలు కుట్టడం నేర్చిందీ అక్కడే, బ్రదర్ మథియాస్ దగ్గర ఆట నేర్చిందీ అక్కడే. తండ్రి 1918 దాకా బతికే ఉన్నాడు.

ప్రశ్న: 'అదిగో అక్కడ కొడతా' అని వేలు చూపించి కొట్టాడంటారు?
– ఓ రిటైర్డ్ టీచర్, పలమనేరు

జవాబు: మాస్టారూ, 1932 అక్టోబరు 1, షికాగోలో వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్. రెండు స్ట్రయిక్‌లు పడ్డాయి, అవతలి జట్టువాళ్ళు నోటికొచ్చినట్టు తిడుతున్నారు, ఈయన చెయ్యెత్తి ఏదో చూపించాడు. తర్వాతి బంతి సెంటర్ ఫీల్డ్ (బ్యాటర్‌కు ఎదురుగా మైదానం చివర) అవతల పడింది. ప్రేక్షకుల్లో ఒకరు తీసిన ఫిల్ములో చెయ్యెత్తడం కనిపిస్తుంది, ఎటు చూపించాడన్నది తేలదు. 'ఇంకో బంతి మిగిలుందిరా' అని తిట్టినవాళ్ళకు చూపించాడనే నా అనుమానం. ఆ వెంటనే రూత్ జట్టువాడే లూ గెరిగ్ కూడా హోమ్ రన్ కొట్టాడు, పాపం ఆయన్ని అడిగే దిక్కు లేదు.

ప్రశ్న: క్రికెట్ ఎప్పుడైనా ఆడాడా?
– ఓ క్రికెట్ పిచ్చోడు, రేణిగుంట

జవాబు: 1932లో బ్రాడ్‌మన్ అమెరికా పోయినప్పుడు యాంకీ స్టేడియంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మ్యాచ్ చూశారు. 1935 మొదట్లో జపాన్ టూర్ ముగించుకుని ఇంటికి పోతూ లండన్‌లో ఆగి, ఆస్ట్రేలియా మాజీ ఆటగాడు అలన్ ఫెయిర్‌ఫాక్స్ దగ్గర నెట్స్‌లో బ్యాటు పట్టాడు. అప్పటికి నలభై ఏళ్ళు, పొట్ట వచ్చేసింది, మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ ఏడాదే బోస్టన్‌లోని మరో జట్టు బ్రేవ్స్ తరఫున ఆడుతూ మే 25న పిట్స్‌బర్గ్‌లో ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టాడు, మూడోది స్టాండు పైకప్పు దాటి బయట పడింది. అదే 714వది. ఆ రోజే ఆపేసి ఉంటే బాగుండేది, ఇంకో నాలుగైదు మ్యాచ్‌లు లాగి, ఒక్క హిట్టూ లేకుండా జూన్ 2న తప్పుకున్నాడు.