పాఠకుల ప్రశ్నలు: ఇంట్లో దాచుకున్న వీడియోలకు ఏ పరికరం మేలు?

ప్రశ్న: మా పెళ్ళి క్యాసెట్ మొదలుకొని పిల్లల బారసాలలు, నాన్నగారి హరికథలు, కొనుక్కున్న సినిమా డీవీడీల వరకు అన్నిటినీ 4 టెరాబైట్ల హార్డ్‌డిస్కులోకి ఎక్కించాను. దాన్ని టీవీకి తగిలిస్తే కొన్ని తెరుచుకోవు, కొన్నిటికి బొమ్మ వస్తుంది గాని మాట రాదు. మా కోడలు ఒడియా అమ్మాయి. ఆమె కోసం హరికథలకు ఒడియా సబ్‌టైటిళ్ళు రాయిస్తే అవి ఖాళీ గళ్ళుగా కనబడుతున్నాయి. ఫైర్ టీవీ స్టిక్, ఆండ్రాయిడ్ బాక్స్, ఆపిల్ టీవీలలో ఏది కొనమంటారు? గాలివాన వస్తే మాకు ఇంటర్నెట్ ఉండదని కూడా గమనించగలరు.
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మీ అవసరానికి గూగుల్ ధ్రువీకరణ ఉన్న ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ కొని, అందులో ఉచితంగా దొరికే కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్ వేసుకోవడం మేలు. ఆ బాక్సుకు మామూలు యూఎస్‌బీ పోర్టు తప్పనిసరిగా ఉండాలి. ఫైర్ టీవీ స్టిక్‌కు అటువంటి పోర్టు లేదు, పైగా అమెజాన్ యాప్ స్టోరులో కోడి దొరకదు. ఆపిల్ టీవీ మంచి పరికరమే అయినా దానికి హార్డ్‌డిస్కు తగిలించే వీలు లేదు కాబట్టి, ఇంట్లో ఎప్పుడూ నడిచే కంప్యూటరు ఒకటి ఉండి, అందులో జెల్లీఫిన్ వంటి సర్వర్ (ఇంటి నెట్‌వర్కు మీదుగా వీడియోలను టీవీకి పంపే సాఫ్ట్‌వేరు) పెట్టుకోగలిగిన వారికే అది నప్పుతుంది.

ఫైలు పేరు చివర కనబడే ఎంకేవీ, ఎంపీ4 అనేవి పైసంచులు మాత్రమే. లోపల బొమ్మను కుదించిన పద్ధతి వేరువేరుగా ఉంటుంది: డీవీడీ నుంచి వచ్చినది ఎంపెగ్-2 కావచ్చు, కెమెరాలో తీసినది హెచ్.264 కావచ్చు, కొత్త ఫోనులో తీసినది హెచ్.265 కావచ్చు. మాట రాని ఫైళ్ళలో శబ్దం చాలావరకు డీటీఎస్ పద్ధతిలో ఉండి ఉంటుంది. దాన్ని విప్పే ఏర్పాటు చాలా టీవీల్లో ఉండదు. కోడి ఆ శబ్దాన్ని తానే విప్పి, టీవీకి అర్థమయ్యే రూపంలో అందిస్తుంది.

అమ్మేవారు చెప్పని విషయం ఒకటుంది, మీ పెళ్ళి క్యాసెట్‌కు అదే ముఖ్యం. మన దేశంలో ఆ రోజుల్లో క్యాసెట్లు పాల్ పద్ధతిలో తీసేవారు. అందులో సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి, ఒక్కో ఫ్రేము సరి గీతలు, బేసి గీతలు అనే రెండు సగాలుగా నమోదవుతుంది. చాలా బాక్సులు మాత్రం టీవీకి ఎప్పుడూ సెకనుకు 60 సార్లే బొమ్మ పంపుతాయి. 25 ఫ్రేములు 60లో సమంగా ఇమడవు కనుక, కెమెరా మండపం ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిరిగేటప్పుడు బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఆ రెండు సగాలను సరిగా కలపకపోతే తలంబ్రాలు పోసే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనబడతాయి. కోడి సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటును (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ పంపాలనే లెక్కను) వీడియోకు తగినట్లు మార్చమని, డీఇంటర్లేస్ చేయమని (రెండు సగాలనూ సరిగా కలపమని) చెబితే ఈ రెండూ పోతాయి, అయితే బాక్స్ కూడా 50 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 50 సార్లకు, మారగలిగినదై ఉండాలి. కొనేముందు ఆ తలంబ్రాల ముక్కను పెన్‌డ్రైవులో వేసుకొని దుకాణానికి వెళ్ళి, అక్కడే ఆడించి చూడండి.

హార్డ్‌డిస్కు విషయంలోనూ జాగ్రత్త అవసరం. విడిగా అడాప్టరు లేని డిస్కయితే బాక్స్ ఇచ్చే కరెంటు దానికి చాలకపోవచ్చు. టక్ టక్‌మని చప్పుడు చేసి ఆగిపోతే, సొంత అడాప్టరు ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి. విండోస్ కంప్యూటరులో వాడిన డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైళ్ళ అమరిక పద్ధతిలో ఉండవచ్చు, దాన్ని చదవని బాక్సులు చాలా ఉన్నాయి, కాబట్టి అదీ దుకాణంలోనే అడిగి తెలుసుకోండి. నాన్నగారి హరికథలు ఈ ఒక్క డిస్కులోనే ఉన్నట్లయితే మాత్రం, బాక్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు రెండో డిస్కు కొని నకలు తీయండి.

2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మీ జిల్లాను ఎంత దెబ్బతీసిందో మీకు వేరే చెప్పనక్కరలేదు. అలా నెట్ పోయినా ఇబ్బంది లేదు, కోడికి లాగిన్ అక్కరలేదు. నెట్ ఉన్నప్పుడు ఒకసారి మీ ఫైళ్ళను చదివించి పెట్టుకుంటే, నెట్ లేనినాడు కూడా బొమ్మలతో, వివరాలతో జాబితా వస్తుంది.

ఖాళీ గళ్ళు కనబడటానికి కారణం ఒడియా అక్షరాలున్న ఫాంటు లేకపోవడమే. సబ్‌టైటిల్ ఫైలును అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచి, ఉచితంగా దొరికే నోటో సాన్స్ ఒరియా ఫాంటును కోడి ఫాంట్ల ఫోల్డరులో వేసి, సెట్టింగుల్లో ఎంచుకోండి.

పేరూ ఊరూ లేని చవక బాక్సుల జోలికి పోకండి. వాటిలో కొన్ని కర్మాగారం నుంచే చెడ్డ సాఫ్ట్‌వేరుతో వస్తున్నాయని, ఇంటి నెట్‌వర్కును నేరగాళ్ళు వాడుకుంటున్నారని 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది.

ప్రశ్న: టీవీ 4కే కానప్పుడు 4కే బాక్స్ కొనడం దండగ కాదా?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: దండగ కాదు. 4కే బాక్సుల్లో హెచ్.265ను విప్పే చిప్ ఉంటుంది, కొత్త ఫోన్ల వీడియోలకు అదే కావాలి. మీ టీవీకి తగినట్లు బొమ్మను బాక్సే తగ్గించి పంపుతుంది. అయితే పాత డీవీడీలో ఉండేవి మహా అయితే 576 గీతలే కాబట్టి, ఏ బాక్స్ పెట్టినా వాటికి 4కే స్పష్టత రాదు.