ఒక్క రోజులో శ్రీశైలం వెళ్లి రావచ్చా?

ప్రశ్న: మా అత్తగారికి డెబ్భై రెండేళ్లు. శ్రీశైల మల్లన్నను ఒక్కసారి చేతితో తాకి మొక్కుకోవాలని ఆవిడ కోరిక. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున కారులో బయలుదేరి, దర్శనం ముగించుకుని, అదే రాత్రికి ఇల్లు చేరాలనుకుంటున్నాము. వీలవుతుందా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: వీలవుతుంది కాని, ఆవిడ వయసును తలచుకుంటే ఆ సలహా ఇవ్వడానికి మనసొప్పడం లేదు. దూరం సుమారు 215 కిలోమీటర్లే అయినా, మన్ననూరు దాటినది మొదలు దారి నల్లమల అడవిలో సాగుతుంది. ఈగలపెంట తరువాత మలుపులు తిరుగుతూ లోయలోకి దిగి, ఆనకట్ట సమీపంలో కృష్ణను దాటి, మళ్లీ కొండ ఎక్కుతుంది. పెద్దవారికి కడుపులో తిప్పేది ఇక్కడే. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇది పులుల అభయారణ్యం కనుక మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను పోనివ్వరు. క్యూలో రెండు గంటలు ఆలస్యమైతే చాలు, స్వామి ఎదుట నిలబడి కూడా గడియారం చూసుకోవలసి వస్తుంది.

ఒక రాత్రి కొండమీద ఉండేటట్లు వెళ్లండి. స్పర్శ దర్శనానికి వేళలూ టిక్కెట్లూ పరిమితం. శివరాత్రి, ఉగాది వంటి రద్దీ రోజుల్లో దానిని నిలిపివేస్తారు. కాబట్టి వసతి గదినీ టిక్కెట్టునూ దేవస్థానం వారి వద్ద ముందుగానే ఖాయం చేసుకుని, కార్తికమాసం కాని ఒక పనిదినాన్ని ఎంచుకోవడం మేలు. మగవారు పంచె కట్టుకోవాలి, ఆడవారికి చీర ఉత్తమం. సాక్షి గణపతి దగ్గర ఆగడం మరువకండి. మనం వచ్చినట్లు కైలాసంలో సాక్ష్యం చెప్పేది ఆయనే అని పెద్దల నమ్మకం. చేతిలో కలం, పుస్తకం పట్టుకుని హాజరు వేసుకుంటున్నట్లు కూర్చున్న ఆ గణపతిని చూస్తే మీ అత్తగారి ముఖాన నవ్వు రాకపోదు.

ప్రశ్న: పాతాళగంగలో స్నానం చేయాలని ఉంది, కాని నాకు మోకాళ్ల నొప్పులు. ఏం చేయాలి?

జవాబు: అక్కడ కృష్ణానదినే పాతాళగంగ అంటారు. మెట్లు వందల్లో ఉన్నాయి; దిగడం సులభమే, ఎక్కడమే కష్టం. రోప్‌వే ఉంది, దానిలోనే వెళ్లి రండి. మెట్లు దిగలేదని పుణ్యమేమీ తరగదు.

ప్రశ్న: దర్శనం అయిపోయాక ఆలయంలో తప్పక చూడవలసినది ఏమిటి?

జవాబు: ప్రాకారం. జ్యోతిర్లింగమూ, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన భ్రమరాంబా సన్నిధీ ఒకే ఆవరణలో ఉన్న క్షేత్రమని అందరూ చెబుతారు. ఆ ఆవరణను చుట్టిన గోడను మాత్రం చూసేవారు తక్కువ. బయటి వైపున వరుస వరుసలుగా ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, నర్తకులు, సిద్ధులు, శివలీలలు చెక్కి ఉన్నాయి. కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో అర్జునుడు తలపడే ఘట్టం ఎక్కడుందో పిల్లలను వెతకమనండి, అరగంట ఇట్టే గడుస్తుంది. విజయనగర కాలపు శిల్పుల చేతిపని అది. దేవుళ్ల పక్కనే అడవి బతుకునూ చెక్కారంటే చుట్టూ ఉన్న నల్లమలను వారు కళ్లారా చూశారని నాకు అనిపిస్తుంది. లోపల వీరశిరోమండపం దగ్గర మాత్రం కాస్త నిలబడండి. రెడ్డిరాజు అనవేమారెడ్డి 14వ శతాబ్దిలో కట్టించిన ఆ మండపంలో వీరశైవ భక్తులు తమ తలలను, నాలుకలను కోసి శివుడికి అర్పించేవారని శాసనం చెబుతోంది. పిల్లలకు ఈ మాట చెప్పాలో లేదో మీరే నిర్ణయించుకోండి.

గోడను చూడడానికి ఎండ ఏటవాలుగా పడే ఉదయమే తగిన సమయం. మధ్యాహ్నం అయ్యేసరికి నీడలు పోయి బొమ్మలు చదునుగా కనిపిస్తాయి, రాతి నేల మీద పాదాలు కాలుతాయి.