ఆ కవితలో సముద్రం ఎక్కడుంది?

వేదాంతం తెలిసినవారికి ఆధునిక ఆఫ్రికన్ అమెరికన్ కవిత్వం మరింత లోతుగా అర్థమవుతుందా అని నన్ను కొందరు అడిగారు. అర్థమైపోయిందన్న భ్రమ మాత్రం తప్పక కలుగుతుందని నా అనుభవం.

ఎం.ఏ. ఇంగ్లీషు చదివే రోజుల్లో ఆఫ్రికన్ అమెరికన్ కవి లాంగ్‌స్టన్ హ్యూస్ నదుల కవిత మీద సెమినార్‌లో పత్రం చదివాను. 1920లో రైలులో మిసిసిపీని దాటుతూ రాసిన ఆ కవితలో, తన ఆత్మ నదుల వలె లోతైనదని ఆయన అంటారు. ఆత్మ అన్న మాట కంటబడడమే తడవుగా నేను ముండకోపనిషత్తును అందుకున్నాను. ప్రవహించే నదులు నామరూపాలను విడిచి సముద్రంలో కలిసినట్లే జ్ఞాని పరమపురుషుణ్ణి చేరుతాడన్న మంత్రాన్ని స్వరం తప్పకుండా చదివి, హ్యూస్ చెప్పినదీ ఇదేనని తేల్చేశాను. చప్పట్లు కూడా పడ్డాయి.

అప్పుడు వెనుక బల్ల మీది సహాధ్యాయిని లేచి, "ఇందులో ఏ నదీ పేరు వదులుకోలేదు కదా, అసలు సముద్రం ఎక్కడుంది?" అని అడిగి, యూఫ్రటీస్, కాంగో, నైలు, మిసిసిపీ అని ఒక్కొక్క పేరూ ఒత్తి పలికింది. కవిత మళ్లీ చూసుకున్నాను, సముద్రం లేదు. బానిసలుగా పట్టితెచ్చి, యజమానులు తమకు తోచిన పేర్లు తగిలించిన మనుషుల వారసుడు నామరూపాలు విడవడాన్ని ముక్తి అని ఎందుకు అనుకుంటాడన్నది ఆమె ప్రశ్న. లోకవ్యవహారంలోని సత్యం వ్యావహారికమని, పరమసత్యం పారమార్థికమని ఏదో నసిగి కూర్చున్నాను. మన పరీక్షల గైడ్లలో ఈ ప్రశ్నకు చోటుండదు. ఏ దేశపు కవి నోట ఆత్మ అన్న మాట వచ్చినా వాటికి అది అద్వైతమే.

ఆఫ్రికన్ అమెరికన్ కవయిత్రి లూసిల్ క్లిఫ్టన్ సంగతి వేరు, ఎందుకంటే ఆమె 1974 నాటి సంపుటిలో కాళిని తానే పిలిచింది. పుర్రెలు ధరించిన ఆ భయంకరమైన నల్ల దేవత కవయిత్రితో నేను నీకు బాగా తెలుసునని పదేపదే అంటుంది. ఆ నలుపును తమోగుణానికి ప్రతీకగా వివరించే వ్యాసకర్తలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. క్లిఫ్టన్‌కు అది ఒంటిరంగు, తన రంగు. దసరా తొమ్మిది రోజులూ కాళికి కుంకుమపూజలు చేసిన మా బంధువులే ఆ మరుసటి వారం పెళ్లి ప్రకటనలో "తెల్లని వధువు కావలెను" అని వేయించారు. భాష బాగుంటుందని ఆ ప్రకటన రాసిపెట్టమన్నది నన్నే, రాసిచ్చాను కూడా.