జపాన్ బొమ్మలు అన్నం పెడతాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. జపాన్‌వాళ్ల పూలు, పక్షుల బొమ్మలంటే పిచ్చి. అక్కడికే వెళ్లి నేర్చుకుంటానంటోంది. మా ఆఫీసులో ఒకాయన కొడుకు యానిమేషన్‌లో చేరాడు. ఏది మేలు? అసలు ఆ చిత్రకారులకు గడుస్తుందా?
– ఓ తండ్రి, గుంటూరు

జవాబు: మీ అసలు భయం ఆ చివరి ముక్కలో ఉందండీ. ముందు దాని సంగతి చూద్దాం.

పద్దెనిమిదో శతాబ్దపు జపాన్ చిత్రకారుడు ఇతో జకుచూ వేసిన కోళ్ల బొమ్మలు మీ అమ్మాయి చూసే ఉంటుంది. ఆయనది క్యోటో. నిషికి బజారులో కూరగాయల టోకు వ్యాపారి కొడుకు. తండ్రి పోవడంతో 23 ఏళ్లకే కొట్టు నెత్తిన పడింది. 40 ఏళ్లకు దాన్ని తమ్ముడికి అప్పగించి కుంచెకే అంకితమయ్యాడు. పెరట్లో కోళ్లను పెంచి, వాటి నడక, ఈకల వరస చూసి చూసి గీశాడు. దాదాపు పదేళ్లు పట్టు మీద వేసిన 30 చిత్రాలను షోకొకుజి ఆలయానికి ఇచ్చేశాడు. 1788లో క్యోటో తగలబడినప్పుడు ఇల్లు పోయింది. డెబ్బై దాటాక బొమ్మ వేసిచ్చి, దానికి ధరగా బియ్యం పుచ్చుకున్నాడు. ఆ 30 చిత్రాలను జపాన్ 2021లో జాతీయ సంపదగా ప్రకటించింది. అంటే గడిచింది, కానీ చాలాకాలం కొట్టు పుణ్యమా అని. ఇప్పటివాళ్లలోనూ పాఠాలు చెప్పుకుంటూ బొమ్మలు వేసేవాళ్లు చాలామంది.

ఈ బొమ్మల పని కూడా నిదానం. రాళ్లు నూరిన రంగుపొడిని జంతువుల జిగురులో వేలితో కలపాలి. ఒకే నీలిరాయి, మెత్తగా నూరేకొద్దీ రంగు లేతబడుతుంది. ఇది ఓపిక లేనివాళ్లకు పనికిరాదు.

ఇక యానిమేషన్. బ్రోషర్ మీద జపాన్ కార్టూన్ బొమ్మ వేసి లక్షలు గుంజే కాలేజీలంటే నాకు గురి లేదు. సాఫ్ట్‌వేర్ నేర్పుతారు సరే, గీత నేర్పేదెవరు? ఆఫీసులో ఎవరి కొడుకో చేరాడని మీ బిడ్డను చేర్చడం ఏం లెక్క? అక్కడ ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయో ఒక్కసారైనా విచారించారా?

కంగారు పడకండి. ఇంటర్ కాగానే జపాన్ విమానం ఎక్కించక్కర్లేదు. టోక్యో కళల విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం సీటుకు అక్కడి పిల్లలే ఏళ్లతరబడి మళ్లీ మళ్లీ రాస్తుంటారు. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) లాంటి చోట బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీ, చేయనివ్వండి, పక్కనే జపనీస్ భాష నేర్చుకోనివ్వండి. ఆ తర్వాత పీజీకి జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. అప్పటికి మనసు మారినా నష్టం లేదు. గీత వచ్చిన చెయ్యి డిజైన్‌కు, టీచింగ్‌కు, మీరు అడిగిన యానిమేషన్‌కూ పనికొస్తుంది.

అన్నట్టు, ఇంత రాశారు గానీ అమ్మాయి ఎలా గీస్తుందో ఒక్క మాటా రాయలేదు. ముందు ఆ స్కెచ్ పుస్తకం అడిగి తీసుకోండి, బీఎఫ్‌ఏ పాఠం చెప్పే ఎవరికైనా చూపించండి. ఫీజుల లెక్క తర్వాత.