విడతలవారీగా పాత కారుకు రంగు

ప్రశ్న: మాది కావలి. పాత అంబాసిడర్‌కు ఇంటి షెడ్డులోనే నెలకో భాగం చొప్పున రంగు వేయాలనుకుంటున్నాను. తుప్పు పట్టకుండా, రంగు తేడా రాకుండా ఏం చేయాలి?

జవాబు: బండి మొత్తం ఒకేసారి గీకేయకండి. మీది సముద్రగాలి, గీకిన రేకు రాత్రికి రాత్రే తుప్పెక్కుతుంది. ఆ రోజు ప్రైమర్ వేయగలిగినంత మేరకే 80 నంబరు గరుకు కాగితంతో గీకండి. గ్రీజు రిమూవర్‌తో తుడిచాక చెయ్యి తగలనీయకుండా టూ-కె (హార్డెనర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు కొట్టండి. మామూలు ప్రైమర్ తేమ పీలుస్తుంది. నెలల తరబడి వదిలేస్తే దాని అడుగున తుప్పు పాకి, తర్వాత పైరంగు పొక్కులు లేస్తుంది. లప్పం కూడా ఎపాక్సీ మీదే పెట్టండి. డబ్బా మీద రాసిన రీకోట్ గడువు (తర్వాతి కోటు వేయాల్సిన సమయం) దాటితే 320 నంబరు కాగితంతో గరుకు చేశాకే తర్వాతి కోటు. లేకుంటే పొరగా ఊడొస్తుంది.

పైరంగు మాత్రం విడతల్లో వద్దు. తలుపులు, బానెట్, డిక్కీ అన్నీ సిద్ధమయ్యాక రంగు డబ్బాలన్నీ ఒకేసారి కొని, హార్డెనర్ వేయకముందే పెద్ద బకెట్‌లో కలిపేయండి. ముందు తలుపుల లోపలి అంచులు, తర్వాత బయటి భాగాలు. మెటాలిక్ (మెరుపు రంగు) జోలికి పోవద్దు, స్ప్రే గన్ దూరం మారితేనే ఛాయ మారుతుంది. తెలుపు లాంటి సాదా రంగే మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో గన్ పట్టొద్దు. పైరంగు హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. గుడ్డ మాస్కు ఏమాత్రం చాలదు. బయటి గాలి గొట్టంతో అందే మాస్కు లేకపోతే ఆ చివరి పని షాపుకే ఇవ్వండి.