చలికాలంలో జెనోవా: ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, ఏమేం చూడొచ్చు

మీవారికి ఇటలీలోని జెనోవాలో రీసెర్చ్ పని, నవంబరు నుంచి మార్చి దాకా ఉండాలి, ఆ నెలల్లో జెనోవా ఉన్న లిగూరియా ప్రాంతపు తీరమంతా మూతపడి ఉంటుందట, ఇంట్లోనే కూర్చోవాల్సి వస్తుందా అని అడిగారు. అస్సలు అక్కర్లేదండీ. నేను ఆ ఊళ్లో చలికాలాలు గడిపాను. ఆ తీరం చూడ్డానికి నన్నడిగితే జులై కన్నా జనవరే మేలంటాను. కాకపోతే ఇల్లు బాగా కుదరాలి.

సముద్రం కనిపిస్తుందని మోజుపడి చింక్వె తెర్రె అనే అయిదు సముద్రతీర పల్లెల్లో ఇల్లు తీసుకోకండి. చలికాలంలో అక్కడ చాలా హోటళ్లు, కొట్లు మూసేస్తారు. జెనోవాలోనే ఉండండి, లేదంటే ఊరికి తూర్పు కొసన ఉన్న నెర్వి చూడండి. గది ఎంత పెద్దదన్నది తర్వాత, ఎండ ఎన్ని గంటలు పడుతుందో ముందు అడగండి. పాతబస్తీ సందుల్లో కింది అంతస్తులకి ఆ నెలల్లో ఎండ తగలదు. గోడలకి బూజు పడుతుంది, ఉతికిన బట్టలు ఆరవు. జనవరిలో పగలు 11, 12 డిగ్రీలు, రాత్రి 5, 6 ఉంటాయి. వినడానికి పెద్ద చలి కాదు గానీ ఆ తేమకి ఇంట్లోనే వణుకొస్తుంది. పైగా హీటింగ్ పూర్తిగా మన చేతిలో ఉండదు. వాతావరణాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడదీశారు. జెనోవా ఉన్న డి జోన్‌లో మామూలుగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకి 12 గంటలకు మించకుండా వేసుకోవాలి. విడిగా హీటర్ కొనుక్కుందామంటే, ఎక్కువ ఇళ్లకి ఉండేది 3 కిలోవాట్ల కనెక్షనే. హీటరూ ఓవెనూ వాషింగ్ మెషినూ ఒకేసారి వేస్తే కరెంటు ట్రిప్ అవుతుంది.

నిజంగా టెన్షన్ పడాల్సింది చలికి కాదు, నవంబరు వానలకి. అక్కడ కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయి, కురిసిన నీరంతా ఒక్కసారిగా కిందికొస్తుంది. 2011 అక్టోబరు 25న చింక్వె తెర్రెలోని వెర్నాజ్జా, మొంతెరొస్సో ఊళ్లు బురదలో కూరుకుపోయాయి. పది రోజులకే నవంబరు 4న జెనోవాలో వరదొచ్చి, పిల్లలతో సహా ఆరుగురు చనిపోయారు. అందుకే పసుపు, నారింజ, ఎరుపు అని వాన హెచ్చరికలు ఇస్తారు. దయచేసి వాటిని తేలిగ్గా తీసుకోకండి. ఎరుపు ఇచ్చిన రోజు స్కూళ్లు కూడా ఉండవు. వాగుల పక్కకీ సెల్లార్లలోకీ వెళ్లొద్దు.

వాన వెలిశాక ఉత్తరం నుంచి త్రమొంతాన అనే పొడిగాలి వీస్తుంది. ఆ రోజులు మాత్రం వదులుకోకండి! ఆకాశం ఎంత తేటగా ఉంటుందంటే, ఒక్కోసారి పొద్దున్నే సముద్రానికి అవతల కోర్సికా ద్వీపం కొండలు కనిపిస్తాయి. అలాంటి పొద్దున లా స్పెజియా వైపు రైలెక్కి మొంతెరొస్సోలో దిగండి. వేసవిలో అడుగు పెట్టడానికి చోటుండని వీధుల్లో ఊరివాళ్లు తీరిగ్గా కబుర్లాడుతూ కనిపిస్తారు. చింక్వె తెర్రె ఊళ్ల మధ్య తిరిగే పడవలు చలికాలంలో ఉండవు, రైళ్లు ఉంటాయి. నడకదారులు వానల తర్వాత మూసేస్తుంటారు కాబట్టి కనుక్కుని బయల్దేరండి. డిసెంబరులో అయిదు దాటకముందే పొద్దుగుంకుతుంది, తొందరగా వెళ్లాలి.

చింక్వె తెర్రెలోనే ఉన్న ఒక్క మనరోలాకి మాత్రం సాయంత్రం వెళ్లండి. రైల్వేలో పనిచేసి రిటైరైన మారియో అంద్రెయోలి అనే ఆయన ఊరి వెనక కొండ మీద పాత సామానుతో క్రీస్తు జననం బొమ్మలు చేసి దీపాలు అమర్చారు. డిసెంబరు 8న ఆ దీపాలు వెలిగిస్తారు. నాకు లిగూరియాలో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే.

శాకాహారులైతే తిండికి బెంగ అక్కర్లేదు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చే ఫరినాతా వేడివేడిగా, మిరియాల పొడి చల్లుకుని తింటే చలి మర్చిపోతారు. వాల్‌నట్ సాస్‌తో ఇచ్చే పన్సోతి అనే పాస్తా కూడా తినండి, లోపల ఆకుకూరలూ చీజూ ఉంటాయి. గుడ్డు తినకపోతే ముందే అడగండి.

ఫిబ్రవరిలో పడమటి తీరానికి, బోర్దిగేరా వైపు వెళ్తే కొండల మీద మిమోసా చెట్లు పసుపుపచ్చటి పూలతో నిండి ఉంటాయి. పక్కనే ఉన్న సాన్‌రెమోలో పాటల పోటీ కూడా మామూలుగా ఆ నెలలోనే. ఆ వారం మాత్రం గదులు దొరకవు, దొరికినా మండిపోయే ధర. తేదీలు చూసుకుని దానికి ముందో తర్వాతో వెళ్లండి.