మాల వేసుకునే ముందు

చిన్నా,

ఈ కార్తీకంలో కన్నెస్వామిగా మాల వేసుకుంటున్నావని మీ అమ్మ చెబితే సంతోషం పట్టలేకపోయాను. వెంటనే నీ కాలి బొటనవేలు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. మొన్న అర్ధరాత్రి దుప్పటి తగిలినా భగ్గుమని మండిందన్నావు కదా.

దీక్షలో మందు, మాంసం ఉండవు. యూరిక్ యాసిడ్ కీళ్లలో స్ఫటికాలుగా పేరుకుని వచ్చే నీ గౌట్ నొప్పికి అది మేలే. పప్పు, పాలకూర మానక్కర్లేదు. నీళ్లు బాగా తాగు. ఏకభుక్తమని కడుపు మాత్రం మాడ్చుకోకు, పస్తులుంటే యూరిక్ యాసిడ్ పెరుగుతుంది.

నా భయమంతా మీ చిన్నతాత సంగతి తలుచుకుని. ఆయనకూ దీక్షలోనే కాలు వాచింది. ఇంట్లోవాళ్లు ఉప్పుమూట కాపడం పెట్టి, నూనె రాసి గట్టిగా మర్దన చేశారు. వాపు ఇంకా ఎక్కువైంది. అప్పుడెవరో పొడి పొట్లాలు తెచ్చిచ్చారు. రెండు రోజుల్లో లేచి నడిచాడు. అంతా స్వామి దయ అనుకున్నాం. ఆ తర్వాత నొప్పి వచ్చినప్పుడల్లా అదే పొట్లం, ఏళ్ల తరబడి. ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోయేది. పొడిలో స్టెరాయిడ్ ఉందని డాక్టరు చెప్పేదాకా మాకు తెలియలేదు. నొప్పి తెలియలేదు గానీ లోపల యూరిక్ యాసిడ్ పేరుకుంటూనే ఉంది. వేళ్ల కణుపుల మీద గడ్డలు లేచి, పగిలి, సుద్దలాంటి తెల్లటి పదార్థం కారేది. అన్నం కలుపుకోలేకపోయేవాడు. పాపం, నొప్పికి తాళలేకే ఆ పొడి తిన్నాడురా.

ఎవరు పొట్లం ఇచ్చినా ముట్టుకోకు. యూరిక్ యాసిడ్ తగ్గించే నీ అల్లోప్యూరినాల్ బిళ్ల దీక్షలోనూ రోజూ వేసుకోవాల్సిందే. మొదటి నెలల్లో పాత స్ఫటికాలు కరిగేటప్పుడు మళ్లీ నొప్పి రావచ్చు. మందు పనిచేయట్లేదని చాలామంది అక్కడే మానేస్తారు, నువ్వు మానకు. ఒంటి మీద దద్దుర్లు లేస్తే మాత్రం ఆ పూటే ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తు. రక్తంలో యూరిక్ యాసిడ్ 6 mg/dL లోపు ఉండాలి. నొప్పి ఉన్నప్పుడు పరీక్ష చేయిస్తే ఒక్కోసారి నార్మల్ అని వస్తుంది, తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చేయించు.

నొప్పి మొదలైతే వేసుకునే బిళ్లలు డాక్టరు చేత ముందే రాయించుకుని భుజం సంచిలో ఉంచుకో. నొప్పి మొదలవగానే ఆలస్యం చేయకుండా వేసుకోవాలి. కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టు, కాపడం వద్దు. పంబ దగ్గర కాలు మండితే కొండ ఎక్కకు. డోలీలో వెళ్లినా స్వామి తప్పుపట్టడు.

మాల పడ్డాక నిన్ను ‘స్వామీ’ అనే పిలవాలి, అందుకే తిట్టాల్సింది ఇప్పుడే తిడుతున్నా. రక్తపరీక్ష రిపోర్టు ఫోన్లో పంపు. ఇరుముడి కట్టే రోజు చెప్పు, పెద్దమ్మా నేనూ వస్తాం.

మీ పెదనాన్న